డయల్ మీద పేరు వేరు, లోపల మెషీన్ వేరు

(పాత క్రోనోగ్రాఫ్ వాచీల మీద, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీల మీద జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే. తెర మీద బొమ్మ కనపడుతోంది కదా? ఈ కెమెరా నా చేతుల మీదే ఉంటుంది. నేను ఏం చూస్తే మీరూ అదే చూస్తారు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో ఒక వాచీ వేలానికి వచ్చింది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా. కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లు దాటి పలికింది. మరి దాని లోపల మెషీన్ ఎవరిది? చెప్పండి. రోలెక్స్ అంటున్నారు. ఇంకెవరైనా? అందరూ రోలెక్సే అంటున్నారు.

కాదండీ. దాని మూలం వాల్జూ 72. స్విట్జర్లాండ్‌లో జూ లోయ అని ఉంది, అక్కడ లే బియూ అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో వాల్జూ అనే ఫ్యాక్టరీ చేసిన మెషీన్ అది. రోలెక్స్ వాళ్ళు తీసుకుని, తమకు కావలసిన మార్పులు చేసుకుని, 722 అని తమ నంబర్ వేసుకున్నారు. అదే వాల్జూ 72 హోయర్ కరేరాలో ఉంది. బ్రైట్లింగ్ మొదట్లో తెచ్చిన నావిటైమర్‌లలో ఉంది. మనం పేరు కూడా వినని చిన్న చిన్న కంపెనీల వాచీల్లోనూ అదే ఉంది. రోలెక్స్ 1988లో జెనిత్ మెషీన్‌కి మారేదాకా డేటోనాలన్నీ ఈ వాల్జూ మీద నడిచినవే.

అందుకే మొదటే చెప్తున్నాను, ఇది గట్టిగా పట్టుకోండి. డయల్ మీద ఉండేది వాచీ అమ్మినవాడి పేరు. మెషీన్ చేసినవాడి పేరు లోపల ఉంటుంది. చాలాసార్లు కనపడకుండా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం ఎలాగన్నదే ఈ పూట మన పని.

ఎందుకిలా జరిగింది? క్రోనోగ్రాఫ్ చేయడం మామూలు వాచీ చేసినంత తేలిక కాదు కనుక. టైమ్ చూపించే వాచీ ఒకటి అడుగున నడుస్తూ ఉండాలి. దాని మీద స్టాప్‌వాచ్ ఒకటి కూర్చోవాలి. ఆ పైది కదిలినా, ఆగినా, మళ్ళీ సున్నాకి వచ్చినా కింది వాచీ నడక చెడకూడదు. ఇంత పని ప్రతి కంపెనీ సొంతంగా చేసుకోలేదు. అందుకని కొన్ని ఫ్యాక్టరీలు మెషీన్లు మాత్రమే చేసేవి. సగం తయారైన మెషీన్‌ని ఎబోష్ అంటారు. వాచీ కంపెనీ ఆ ఎబోష్ కొనుక్కుని, మెరుగు పెట్టుకుని, తన డయల్, తన కేసు వేసి అమ్మేది. 1926లో అలాంటి ఫ్యాక్టరీలు కొన్ని కలిసి ఎబోష్ ఎస్ఏ అనే పెద్ద సంస్థ అయ్యాయి. తర్వాత ఒక్కొక్కటే అందులో చేరుతూ వచ్చాయి.

పాత క్రోనోగ్రాఫ్‌లలో పదే పదే కనపడే పేర్లు ఇవీ. లే బియూలో వాల్జూ. మూతియేలో వీనస్. లాండెరాన్ అనే ఊళ్ళో లాండెరాన్. లోరియాలో లెమానియా. సెంతిమియేలో ఎక్సెల్సియర్ పార్క్. ఇవి నోటికి రావాలి. లాంజిన్, ఏంజెలస్ లాంటి వాళ్ళు సొంత మెషీన్లు చేసుకున్నారు. ఆ వాచీల్లో మెషీన్ మీదే పేరు, నంబర్ రెండూ ఉంటాయి కాబట్టి మనకి పెద్ద కష్టం లేదు. లాంజిన్ 13 జెడ్ఎన్ చేతికొస్తే వెతుక్కోవలసిన పని లేదు, అదే చెప్తుంది. అది చేతికి రావడమే కష్టం, అది వేరే సంగతి.

ఇప్పుడు మూత తీయకుండా ఎంత తెలుసుకోవచ్చో చూద్దాం. మూత తీయకముందే సగం పని అయిపోతుందండీ. చాలామంది వాచీ చేతికి రాగానే మూత తెరిచే కత్తి తీస్తారు. వద్దు. ముందు ముఖం చూడండి.

బటన్లు ఎన్ని? ఒకటా, రెండా? మొదలు, ఆపు, సున్నా, మూడూ ఒకే బటన్‌తో చేసేది సాధారణంగా పాత కాలపు పద్ధతి. సున్నాకి తెచ్చే రెండో బటన్‌ని బ్రైట్లింగ్ 1934లో తెచ్చింది. ఆ తర్వాత అందరూ అటే వెళ్ళారు.

చిన్న డయల్స్ ఎక్కడున్నాయి? మూడు దగ్గర ఒకటి, తొమ్మిది దగ్గర ఒకటి ఉన్నాయా? అయితే వాల్జూ 23 కావచ్చు, వీనస్ 175 కావచ్చు, వీనస్ 188 కావచ్చు, లాండెరాన్ 48 కావచ్చు. పెద్ద గుంపే. మూడు, ఆరు, తొమ్మిది దగ్గర మూడున్నాయా? వాల్జూ 72, వీనస్ 178, లెమానియా 2310, వాల్జూ 7736 లాంటివి. పన్నెండు, ఆరు, తొమ్మిది దగ్గర మూడుంటే 1970ల్లో వచ్చిన వాల్జూ 7750 ముందు గుర్తుకు రావాలి. పన్నెండు దగ్గర ఒకటి, ఆరు దగ్గర ఒకటి, పైకీ కిందకీ ఉంటే వీనస్ 170. జపాన్ వాచీ అయితే సీకో 6138.

కీ ఎడమ పక్కన, బటన్లు కుడి పక్కన ఉంటే? అది చూడగానే చెప్పేయొచ్చు. 1969లో బ్రైట్లింగ్, హోయర్, హామిల్టన్-బ్యూరెన్, దుబ్వా దెప్రాజ్ కలిసి తెచ్చిన ఆటోమేటిక్ మెషీన్, క్యాలిబర్ 11, లేదా దాని తమ్ముళ్ళు. స్టాప్‌వాచ్ భాగాన్ని విడిగా చేసి ఆటోమేటిక్ వాచీ మీద బిగించారు. ఆ కింది మెషీన్ తిప్పి కూర్చోబెట్టాల్సి రావడంతో కీ అటు పోయింది.

చిన్న డయల్ మీద అంకెలు కూడా చదవండి. నిమిషాల లెక్క 30 దాకా ఉందా, 45 దాకా ఉందా? అయితే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఒకే మెషీన్‌ని రెండు రకాలుగానూ అమ్మారు. ఇది ఒక సాక్ష్యం, అంతే. తీర్పు కాదు.

ఇప్పుడు బటన్లు నొక్కి చూద్దాం. ఈ వాచీ చూడండి. తమ్ముడూ, ఆ లైటు కొంచెం ఇటు తిప్పు. ఆఁ, చాలు. డయల్ మీద ఏదో స్విస్ పేరు ఉంది, మనకి ఇప్పుడు అక్కర్లేదు. మూడు దగ్గర, తొమ్మిది దగ్గర చిన్న డయల్స్. కీ కొంచెం ఇచ్చాను. పై బటన్ నొక్కుతున్నాను. ముల్లు బయల్దేరింది. మళ్ళీ పై బటనే నొక్కుతున్నాను. చూడండి, చూడండి. ఆగిందా? ఆగలేదు. మళ్ళీ నొక్కాను. ఆగలేదు.

చెడిపోయిందా? ఇక్కడే చాలామంది చెడిపోయిందనుకుంటారు. కొందరు ఇంకా గట్టిగా నొక్కుతారు. వద్దండీ, బలం పెట్టొద్దు. కింది బటన్ నొక్కుతున్నాను. ఆగింది. మళ్ళీ కింది బటనే. సున్నాకి వచ్చింది. అంటే పై బటన్ పని మొదలుపెట్టడం ఒక్కటే. ఆపడం, సున్నాకి తేవడం రెండూ కింది బటన్‌వే. ఈ పద్ధతి లాండెరాన్‌ది. లాండెరాన్ 47, 48, 51, ఈ కుటుంబానిది. మూత తీయలేదు, ఐ గ్లాస్, అదే కంటికి బిగించే భూతద్దం, పెట్టలేదు, నాలుగు సార్లు నొక్కేసరికి పెద్ద గుంపు కాస్తా చిన్నదైపోయింది.

ఒక జాగ్రత్త. ఎప్పుడైనా సరే, తెలియని వాచీలో ముందు పై బటన్, మళ్ళీ పై బటన్, ఆ వరసలోనే వెళ్ళండి. ముల్లు తిరుగుతుండగా కింది బటన్ ముందే నొక్కేయకండి. కొన్ని వాచీల్లో అది బిగుసుకుంటుంది, కొన్నింట్లో లోపల దెబ్బ తగులుతుంది. లాంజిన్ కొన్ని మెషీన్లలో మాత్రం తిరుగుతుండగా నొక్కితే సున్నాకొచ్చి మళ్ళీ బయల్దేరుతుంది, దాన్ని ఫ్లైబ్యాక్ అంటారు. అది అలా చేయడానికే కట్టింది. అన్నీ అలా కట్టలేదు.

సరే, మూత తీద్దాం. తీసేముందు ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. పాత వాచీ డయల్ మీద, ముళ్ళ మీద చీకట్లో మెరవడానికి రేడియం అనే రేడియోధార్మిక పదార్థం పూసేవారు. 1960ల దాకా ఈ అలవాటు ఉంది. మెరుపు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, రేడియం మాత్రం అలాగే ఉంటుంది. గోధుమ రంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతుంటే దాన్ని గోకకండి, ఊదకండి. భోజనం చేసే బల్ల మీద అలాంటి వాచీ విప్పకండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఈ విషయంలో తేలిగ్గా తీసుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

ఇదిగో, మూత వచ్చింది. తెర మీద పెద్దగా కనపడుతోందా? భయపడకండి. మొదటిసారి చూసినవాళ్ళకి లీవర్ల అడవిలా అనిపిస్తుంది. మూడే మూడు పనులు వెతకండి. ముల్లుని కదలమనేది ఏది, ఆగమనేది ఏది, సున్నాకి రమ్మనేది ఏది.

మధ్యలో ఉన్న ఈ చక్రం చూడండి, పళ్ళు సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇదే స్టాప్‌వాచ్ సెకన్ల చక్రం. పక్కన ఒక లీవర్ మీద ఇంకో చిన్న చక్రం ఉంది. బటన్ నొక్కితే ఆ లీవర్ జరిగి ఈ చక్రం వచ్చి మధ్య చక్రాన్ని తాకుతుంది. కింద నడుస్తున్న వాచీ నుంచి కదలిక పైకి అందుతుంది. ఆగమంటే లీవర్ వెనక్కి జరుగుతుంది. మధ్య చక్రం ఇరుసు మీద ఇంకోటి ఉంది, పేకముక్క మీద ఆటీను ఆకారంలో. దాని మీద సుత్తి వచ్చి పడుతుంది. సుత్తి ఎక్కడ పడ్డా ఆ ఆటీను జారి జారి తన పల్లం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ముల్లు సున్నాకి వస్తుంది. ఎడాల్ఫ్ నికోల్ అనే ఆయన 1844లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. నూట ఎనభై ఏళ్ళు అయినా దానికి మించినది రాలేదు. ఇప్పుడు తయారయ్యే వాచీల్లోనూ అదే ఉంది.

అయితే ఈ లీవర్లకి ఎవరు చెప్తారు, నువ్వు జరుగు, నువ్వు ఆగు అని? దానికి రెండు దారులున్నాయి. మెషీన్ పోల్చుకోవడంలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇక్కడే.

మొదటిది కాలమ్ వీల్. కింద రంపపు పళ్ళున్న చిన్న చక్రం, దాని మీద నిలువుగా స్తంభాలు. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక పన్ను జరుగుతుంది. లీవర్ ముక్కు స్తంభం మీదకి ఎక్కుతుంది, లేదా రెండు స్తంభాల మధ్య సందులో పడుతుంది. అంతే. రెండోది కామ్. స్తంభాలు ఉండవు. రేకు నుంచి కోసిన చదునైన ముక్క ఒకటి అటూ ఇటూ ఊగుతుంది, దాని అంచు వంపులు లీవర్లని నెడతాయి. ఐ గ్లాస్ పెట్టి స్తంభాలున్నాయా లేవా చూడండి. ఉంటే కాలమ్ వీల్, లేకపోతే కామ్.

ఈ రెండు ఫొటోలు చూడండి. ఎడమ పక్కది ఒమేగా 321. కుడి పక్కది ఒమేగా 861. రెండూ ఒమేగా స్పీడ్‌మాస్టర్ అనే క్రోనోగ్రాఫ్‌లో వచ్చినవే. చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్ చేతికున్నది ఈ ఎడమ పక్కదే. పేరు ఒమేగా, చేసింది మాత్రం లెమానియా. లెమానియాలో ఆల్బర్ట్ పిగే అనే ఆయన రూపొందించిన 2310 ఇది, 1940ల మొదట్లోది. అదే 2310 మీద పాటెక్ ఫిలిప్ కూడా తన క్రోనోగ్రాఫ్ కట్టుకుంది. ఇక 1968లో 861 వచ్చింది. ఒకే వంశం, ఒకే వెడల్పు. 321లో ఇక్కడ స్తంభాలు కనపడుతున్నాయి కదా? 861లో అదే పని చేసే చోట చదునైన కామ్ ఉంది. 321 గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, 861 అయితే 21,600.

కామ్ అంటే నాసిరకం అని ఒక మాట ప్రచారంలో ఉంది. నేను ఒప్పుకోను. చేయడానికి ఖర్చు తక్కువ, నిజమే. కానీ గట్టిది, బాగుచేయడం తేలిక, అరిగినా పని చేస్తుంది. 1937 నుంచి లాండెరాన్ ఇలాంటివి లెక్కలేనన్ని చేసింది కాబట్టే మామూలు జీతగాడు కూడా క్రోనోగ్రాఫ్ పెట్టుకోగలిగాడు. అది చిన్న విషయమా?

మన వాచీకి వద్దాం. స్తంభాలు లేవు, కామ్ ఉంది. అంటే వాల్జూ 23 కాదు, వీనస్ 175 కాదు, ఆ రెండూ కాలమ్ వీల్‌వి. బ్రిడ్జి మీద, అంటే చక్రాలని పై నుంచి పట్టి ఉంచే ప్లేటు మీద, ఏముంది? 17 జువెల్స్ అని, అంటే అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు, స్విస్ అని. అంతే. కంపెనీ పేరు లేదు. ఇలాంటప్పుడు అసలు సంతకం ఎక్కడుంటుంది? బ్యాలెన్స్ చక్రం కింద, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకని అదుపులో ఉంచే చక్రం కింద. అడుగు ప్లేటు మీద, బ్యాలెన్స్ కింద, లేదా దాని పక్కనే. ఫ్యాక్టరీ గుర్తు, నంబర్ అక్కడ కొట్టి ఉంటాయి. పాత వాల్జూ అయితే డాలు ఆకారంలో ఇంగ్లీషు ఆర్ అక్షరం, పక్కన నంబర్. ఆ ఆర్ ఏమిటి? వాల్జూ పేరు 1929లో వచ్చింది. అంతకుముందు అది రేమండ్ అన్నదమ్ముల కంపెనీ, ఆ ఆర్ వాళ్ళ ఇంటిపేరు. వీనస్ అయితే నక్షత్రం గుర్తు. వీనస్ అంటే శుక్రుడు కదా, చుక్క పెట్టుకున్నారు.

ఎలా చూడాలి? బ్యాలెన్స్ ఊడదీయక్కర్లేదు. దయచేసి ఊడదీయకండి, అలవాటు లేని చేతికి బ్యాలెన్స్‌కి ఉండే సన్నటి హెయిర్ స్ప్రింగ్ దొరికిందంటే ఇక అంతే. లైటు పై నుంచి కాదు, పక్క నుంచి వేయండి. వాచీని మెల్లగా వంచండి. బ్యాలెన్స్ ఆగి ఉంటే దాని చేతుల మధ్య ఖాళీలోంచి చూడండి. ఇదిగో, ఇంకొంచెం వంచుతాను. లైటు, తమ్ముడూ. ఇక్కడ. అక్షరాలు కనపడుతున్నాయా? చదవండి, ఎవరైనా పైకి చదవండి. అవును. లాండెరాన్ 48.

ఇక్కడితో ఆగకూడదు. ఇది నేను పదే పదే చెప్తాను, మీకు విసుగొచ్చినా సరే. నంబర్ దొరికాక, ఆకారం దానితో కలుస్తుందో లేదో చూడాలి. కొలత చూద్దాం. వాచీ మెషీన్ల కొలత లీన్య్‌లలో చెప్తారు, ఫ్రెంచివాళ్ళ పాత కొలత. ఒక లీన్య్ అంటే దాదాపు 2.256 మిల్లీమీటర్లు. లాండెరాన్ 48 పదమూడు ముప్పావు లీన్య్‌లు, అంటే 31 మిల్లీమీటర్లు. వాల్జూ 23, వాల్జూ 72 రెండూ 13 లీన్య్‌లు, ఇరవై తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. వాల్జూ 22 దాదాపు అలాగే ఉంటుంది గానీ 14 లీన్య్‌లు. లెమానియా 2310 అయితే 27 మిల్లీమీటర్లే. కొలిచేది కేసు కాదు, మెషీన్. డయల్ వైపున ప్లేటు అడ్డంగా కొలవాలి. ఇది బయటకి తీసి కొలిచి పెట్టుకున్నాను, 31 వచ్చింది. బటన్ల తీరు, కామ్, నంబర్, కొలత. నాలుగూ ఒకే మాట చెప్పాయి. ఇప్పుడు అనొచ్చు, ఇది లాండెరాన్ 48 అని.

నంబర్ ఉండగా ఇంత చాదస్తం ఎందుకు అని అడగొచ్చు. ఎందుకంటే మెషీన్లు ఊళ్ళు మారాయి. దేశాలు మారాయి. వీనస్ కథ వినండి, అర్థమవుతుంది.

వీనస్ 175 మంచి కాలమ్ వీల్ మెషీన్. దాన్ని చేసే యంత్రాలు 1960ల మొదట్లో చైనాకి వెళ్ళాయి. తియాంజిన్ వాచీ ఫ్యాక్టరీకి 1961లో ప్రభుత్వం పని అప్పజెప్పింది, వైమానిక దళం పైలట్లకి క్రోనోగ్రాఫ్ కావాలని. ప్రాజెక్ట్ 304 అని దానికి పేరు. ఆ పనిలోంచి పుట్టిన మెషీన్ వారసుడు ఈరోజుకీ తయారవుతోంది, సీగల్ ఎస్‌టీ 19 అని. ఇప్పుడు మీ చేతికి ఒక పాత స్విస్ వాచీ వచ్చింది. లోపల వీనస్ 175లా ఉంది. లీవర్లు అవే, బ్రిడ్జి అదే. అది నిజంగా వీనస్సా, ఎవరైనా కొత్త సీగల్ తెచ్చి పెట్టారా? ఎలా తెలుస్తుంది? చప్పుడు వినండి. వీనస్ 175 గంటకి 18,000, అంటే సెకనుకి 5 దెబ్బలు. ఇప్పటి సీగల్ 21,600, అంటే సెకనుకి 6. ఫోనులో దెబ్బలు లెక్కపెట్టే యాప్‌లు వచ్చాయి కదా, ఫోను దగ్గర పెట్టండి, అర నిమిషంలో చెప్తుంది. బ్యాలెన్స్ కింద నక్షత్రం ఉందేమో చూడండి.

వీనస్‌ది ఇంకో కథ. వాళ్ళ కామ్ మెషీన్ 188. 1966లో వీనస్‌ని వాల్జూ తీసుకుంది. ఆ 188 వాల్జూ 7730 అయింది. తర్వాత దాన్ని మార్చి 7733 చేశారు. దానికి తేదీ పెడితే 7734. గంటల లెక్క పెడితే 7736. అంటే మూతియేలో పుట్టిన మెషీన్ లే బియూ పేరుతో తిరిగింది. అక్కడితో అయిపోయిందా? లేదు. 1970ల్లో మాస్కో మొదటి వాచీ ఫ్యాక్టరీ 7734ని ఆధారం చేసుకుని 3133 అనే మెషీన్ చేసింది. ఆ మెషీన్ ఉన్న పోల్యోట్ వాచీలు మీలో కొందరి దగ్గర ఉన్నాయి కదా? చేతులెత్తండి. బాగుంది. 7734కి 17 జువెల్స్, 18,000 దెబ్బలు. 3133కి 23 జువెల్స్, 21,600 దెబ్బలు. రష్యావాళ్ళ నంబర్ పద్ధతి నాకు చాలా ఇష్టం. మొదటి రెండు అంకెలు మెషీన్ అడ్డకొలత, చివరి రెండు అది చేసే పని. 31 మిల్లీమీటర్లు, 33 రకం. నంబర్ చదివితే సగం లెక్క అక్కడే ఉంది.

జపాన్‌వాళ్ళు ఇంకా సులువు చేశారు. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో పాత సీకోలు ఇప్పటికీ దొరుకుతాయి, ముఖ్యంగా కడప వైపు, గోదావరి జిల్లాల వైపు. బీరువాలో మూలన పడేసిన వాచీ ఒకసారి తీసి వెనక మూత చదవండి. నాలుగు అంకెలు, ఒక గీత, మళ్ళీ నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి నాలుగూ మెషీన్ నంబర్, తర్వాతి నాలుగూ కేసు నంబర్. 6139 అని మొదలైతే 1969లో వచ్చిన సీకో ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అది. ఆరు దగ్గర ఒకే ఒక చిన్న డయల్ ఉంటుంది. సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అమెరికా వ్యోమగామి విలియం పోగ్ 1973లో స్కైలాబ్‌కి పట్టుకెళ్ళింది 6139నే. దానికి కీ తిప్పినా ఎక్కదు, చేతితో ఊపాలి. తిప్పి తిప్పి ఎక్కట్లేదని చెడిపోయిందనుకోకండి.

మోసాల సంగతి చెప్పాలి. చెప్పక తప్పదు. మన దగ్గర డయల్‌కి మళ్ళీ రంగు వేయించడం మామూలైపోయింది. ఏ పేరు కావాలంటే ఆ పేరు అచ్చు వేసిస్తారు. అందుకే డయల్‌ని ఆఖర్న నమ్మమంటాను. కానీ డయల్ వెనక నమ్మదగ్గది ఒకటుంది. కాళ్ళు. డయల్ వెనక రెండు చిన్న రాగి కాళ్ళుంటాయి, అవి ప్లేటులో రంధ్రాల్లో దిగుతాయి. ప్రతి మెషీన్‌కీ ఆ రంధ్రాల చోటు వేరు. కాళ్ళు కోసేసి జిగురుతో అంటించారంటే ఆ డయల్ ఆ మెషీన్‌ది కాదు. ఇంకోటి, చిన్న ముల్లు తన చిన్న డయల్‌కి సరిగ్గా నడిమధ్య ఉందా? ఇసుమంత పక్కకి ఉందా? మెషీన్‌కీ మెషీన్‌కీ ఆ దూరం మారుతుంది. పక్కకి జరిగి ఉంటే డయల్ వేరే చోటు నుంచి వచ్చిందని అర్థం.

బ్రిడ్జి మీద, బ్యాలెన్స్ దగ్గర మూడు ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి కొన్నిసార్లు. డబ్ల్యూఓజీ, ఓఎక్స్‌జీ, ఇలాగ. అది మెషీన్ పేరనుకుంటారు. కాదు. అమెరికాకి పంపే వాచీల మీద కొట్టిన గుర్తు. డబ్ల్యూఓజీ అంటే బ్రైట్లింగ్, ఓఎక్స్‌జీ అంటే ఒమేగా. ఆ వాచీ ఎవరి పేరు మీద వెళ్ళిందో చెప్తుంది, మెషీన్ ఎవరు చేశారో చెప్పదు. అయితే డయల్ మీద బ్రైట్లింగ్ అని ఉండి లోపల ఓఎక్స్‌జీ ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

ఇదంతా కొనేటప్పుడు మోసపోకుండా ఉండటానికే అనుకోకండి. బాగుచేసేవాళ్ళకి ఇంకా ముఖ్యం. మెషీన్ నంబర్ తెలియకుండా స్పేర్ పార్ట్ వెతకడం వల్ల ఎన్ని వాచీలు పాడయ్యాయో. నా బల్ల మీదకి వచ్చిన ఒక వాచీలో ఎవరో వేరే నంబర్ మెషీన్ సుత్తి తెచ్చి పెట్టారు. సరిపడలేదు. సరిపడేలా ఆకురాయితో అరగదీశారు. ఆ సుత్తి వచ్చి పడిన ప్రతిసారీ ఆటీను అంచు దెబ్బతింటూ వచ్చింది. ఇప్పుడు రెండూ మార్చాలి, రెండూ దొరకవు. డెబ్బై ఏళ్ళు నడిచిన మెషీన్ అది. నంబర్ చూసి ఉంటే ఇంకా నడిచేది. అది చూస్తే నాకు బాధేస్తుంది, దాచుకోను.

ఏదో అడుగుతున్నారు మీరు, ఆ చివర్న. బ్యాలెన్స్ కింద ఏమీ లేకపోతే ఎలా? మంచి ప్రశ్న. ఏ గుర్తూ లేనివి ఉంటాయి, గుర్తు అరిగిపోయినవీ ఉంటాయి. అప్పుడు డయల్ తీసి కింద చూడాలి, అది అలవాటున్నవాళ్ళ చేతే చేయించండి. డయల్ కింద, కీ లాగి ముళ్ళు తిప్పే చోట సెట్టింగ్ లీవర్‌ని పట్టుకునే స్ప్రింగ్ ఒకటుంటుంది. దాని ఆకారం మెషీన్ మెషీన్‌కీ మారుతుంది. పాత స్పేర్ పార్ట్స్ కేటలాగ్‌లలో ఆ స్ప్రింగ్ బొమ్మలు వరసగా వేసి, పక్కన నంబర్లు ఇచ్చేవారు. బొమ్మతో పోల్చుకుని నంబర్ పట్టుకోవడమే. ఆకారం, కొలత రెండూ కలిస్తే చాలావరకు తేలిపోతుంది. వాల్జూ 23నీ 72నీ వేరు చేయాలన్నా డయల్ కిందే చూడాలి, 72కి అదనంగా ఉన్న గంటల లెక్క అక్కడే కట్టారు.

ఫొటో పంపి అడిగేవాళ్ళకి ఒక మాట. వాచీ వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. మూడు దగ్గరున్న కీ తొమ్మిది దగ్గర కనపడుతుంది. ప్రతి ఫొటోలోనూ కీ ఒకే వైపు ఉండేలా పెట్టి తీయండి, పోల్చడం తేలిక. కామ్ గానీ స్తంభాలు గానీ స్పష్టంగా పడాలి. బ్యాలెన్స్ కింద పక్క లైటుతో ఒకటి. బటన్లు నొక్కితే ఏం జరిగిందో మాటల్లో రాయండి. ఇవి ఉంటే చాలు, డయల్ ఫొటో లేకపోయినా చెప్పొచ్చు.

సరే, ఇక మీరు తెచ్చిన వాచీలు బయటకి తీయండి. ఒక్కొక్కరే రండి. మూత నేను తీస్తాను. డయల్ మీద గోధుమ రంగు పొడి రాలుతున్నవి మాత్రం కవర్లోనే ఉంచి ఈ చివర పెట్టండి, వాటిని ఇక్కడ తెరవం. మిగతావి వరసలో పెట్టండి. ముందు బటన్లు నొక్కి ఏం కనిపించిందో మీరు చెప్పాలి, తర్వాతే కత్తి తీస్తాను.